నాలుగు వాక్యాలు, మూడు కోళ్లు

నేను ఎవరికీ మరణశిక్ష వేయలేదని చెప్పుకోలేను. ముగ్గురికి వేశాను. ముగ్గురూ నిర్దోషులు. ముగ్గురికీ రెక్కలుండేవి. విని నవ్వేవాళ్లు నవ్వొచ్చు, మా అత్త ఇప్పటికీ నవ్వుతుంది. కాకపోతే మీ ఇంట్లో పనికి పోలేక మంచంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లకు వినపడకుండా నవ్వండి.

పన్నెండేళ్ల కిందటి మాట. వేలూరులో ఒక తమిళ దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా ఉండేవాణ్ణి. వ్యవసాయం పేజీ నా నెత్తిన ఉండేది. ఆఫీసు మొత్తానికి గుడియాత్తం పక్క పల్లెవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, పల్లెలో పుట్టినవాడికి సేద్యం తెలుస్తుందని మా ఎడిటర్ నమ్మకం. ఆ లెక్కన ఆస్పత్రిలో పుట్టినవాళ్లంతా వైద్యం చేయొచ్చు. నేను అప్పటిదాకా పెంచింది నా మీసం ఒక్కటే. అదీ సరిగా పెరగలేదు.

ఒక వారం ఒక పశువైద్యుడు వ్యాసం పంపాడు. గుడ్లు మానేసిన కోళ్లను కనిపెట్టడం ఎలా అని. కోడి తలమీది జుట్టు, కాళ్లు, ఈకలు, ఈ మూడూ గమనిస్తే చాలు, ఏది పెడుతుందో ఏది పెట్టదో తెలిసిపోతుంది అని మొదలుపెట్టాడు. చక్కగా దిద్ది, పెద్ద హెడ్డింగు పెట్టాను. సాయంత్రం ప్రకటనల వాళ్లు వచ్చి పేజీ అడుగున రెండంగుళాల చోటు కావాలన్నారు. మా వృత్తిలో మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది: ముఖ్యమైనది తలలో ఉంటుంది, తోక కోస్తే వార్త చావదు. కోశాను. నాలుగు వాక్యాలు. చదవకుండానే. ఆ డాక్టరు పత్రికల్లో పనిచేసినవాడు కాదనీ, బేరమాడే ఆడపడుచులా అసలు సంగతి వాకిలి దాటేటప్పుడు చెప్పే రకమనీ నాకెలా తెలుస్తుంది?

ఆ నాలుగు వాక్యాల్లో ఏముందో ఇప్పుడే చెప్పను. నాకు తెలిసిన వరసలోనే మీకూ తెలియాలి. నేనొక్కణ్ణే ఎందుకు అనుభవించాలి?

ఇక మా మామ గురించి. అమ్మకు తమ్ముడు, పేరు చెంగల్రాయుడు. గుడియాత్తం నుంచి పేర్ణాంబట్టు పోయే దారిలో వాళ్ల ఊరు. నలభై ఏళ్లు గోడలకు సున్నాలూ రంగులూ కొట్టాడు. ఆంబూరు నుంచి వేలూరు దాకా తన చెయ్యి తగలని వీధి లేదనేవాడు. గోడలకు పట్టిన సున్నమే ఊపిరితిత్తులకూ పట్టింది. వేలూరులో నెలన్నర ఆస్పత్రిలో ఉంచి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పంపేటప్పుడు డాక్టరమ్మ, "దినానికి రెండు గుడ్లు పెట్టండి. మిగతాది తిన్నా తినకున్నా పరవాలేదు," అంది. పరవాలేదన్న మాటకు అర్థం నాకూ, ఆయన భార్య కుప్పమ్మత్తకూ తెలుసు. మామకూ తెలుసునని తర్వాత తెలిసింది.

ఆ రెండు గుడ్లూ ఇంటి కోళ్లవే కావాలి మామకు. అంగట్లో తెల్లగుడ్డు చూపిస్తే మొహం తిప్పుకునేవాడు. "అది పుంజు మొహం చూడని గుడ్డురా. సున్నం ఉండ మాదిరి ఉండాది. సున్నం నేను కావల్సినంత మింగినాను," అనేవాడు.

ఇంట్లో ఏడు కోళ్లుండేవి. రోజుకు రెండో మూడో గుడ్లు వచ్చేవి. ఏడూ ఒకే గంపలోకి ఎక్కి దిగుతుండేవి. ఎవరు నిజంగా పెడుతున్నారో, ఎవరు ఊరికే హాజరు వేయించుకుని పోతున్నారో తెలిసేది కాదు. మామ మంచం పట్టాక నూకలకూ కరువొచ్చింది. ఏడింటికి చాలడం లేదు. అలాంటి రోజుల్లో అత్త ఫోను చేసింది.

"నాయనా, కోళ్ల సంగతి నువ్వు పేపర్లో ఏసినావంటనే. మీ మామ గోడకు అంటించినాడు. నువ్వే వచ్చి చూసి చెప్పు. ఏది పెట్టేది, ఏది పెట్టనిది?"

"అది చిటికెలో పని అత్తా," అన్నాను.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, స్కూటరు మీద బయలుదేరాను. మామ మంచం పక్కన గోడకు నా పేజీ ముక్క మైదా జిగురుతో అంటించి ఉంది. తాను రంగు కొట్టిన గోడకు మేకు కూడా దిగనివ్వని మనిషి ఆయన. ఆ ఇంట్లో దేవుడి పటాలకు కూడా తలుపులే గతి. అలాంటి గోడ మీద నా కాగితం. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ప్రకటనల వాళ్లు చూసుంటే ఆ చోటూ అమ్మేసేవాళ్లు.

"వచ్చినాడప్పా కోళ్ల కలెక్టరు," అన్నాడు మామ, దగ్గుకూ దగ్గుకూ మధ్య.

"పెట్టనివాటిని ఏం చేద్దామనత్తా నీ ఉద్దేశం?"

"అదే తెలీకనే కదా నిన్ను పిలిచింది. అమ్మితే కొనేవోడూ కోసేవోడే. మనం కోసుకుంటే నాకు గొంతు దిగదు. సుమ్మా, ఊరికే ఉండనీలే అంటే నూకలు యాడ తెచ్చేది?"

"పని చెయ్యనోళ్లని ఇంట్లోనుంచి పంపేదైతే వయసు ప్రకారం పంపండి," అన్నాడు మామ. "మొదటి నంబరు ఈ మంచం మీద ఉండాది."

"నీకెవురూ నూకలు పెట్టలేదులే, ఊరికే పడుకో," అంది అత్త.

"పెట్టుంటే కోడి మాదిరి తిరిగేవాణ్ణి. నువ్వు పోసేది గంజి."

అత్త గంప ఎత్తి కోళ్లను వాకిట్లోకి వదిలింది. చూడగానే తేలిపోయింది నాకు. నాలుగు కోళ్లు పెళ్లికి బయలుదేరిన పట్టుచీరల్లా తళతళలాడుతున్నాయి. ఈక మీద ఈక దువ్వినట్టుంది, కాళ్లు పసుపు రాసినట్టున్నాయి. మిగతా మూడూ రేషన్ వరసలో తొక్కిసలాట అయ్యాక బయటపడ్డట్టున్నాయి. ఒకదాని తోక సగం విరిగింది, దాన్ని అత్త చింపిరి అనేది. ఒకటి కుంటిది. ఒకదానికి మెడ మీద ఈకే లేదు, బోడిమెడది. మూడింటి కాళ్లూ పాలిపోయి, ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా ఉన్నాయి.

కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లను మీరు చూసే ఉంటారు. కోడి మీద ఈకలు చూసి గుడ్లు లెక్కగట్టినవాణ్ణి నన్నే చూడాలి.

"ఈ మూడూ అయిపోయినాయత్తా," అన్నాను. "ముసలివి. ఒంట్లో సత్తువ లేదు."

"దీని జుట్టు ఎర్రగా ఉండాదే నాయనా, పెట్టే కోడి మాదిరి?"

"జ్వరం."

"కోడికా?"

"ఎవరికైనా వస్తుందత్తా."

మామ మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. అది ఆయనకు మేడ ఎక్కినంత పని. "ఒరే అల్లుడా, ఒక మాట అడుగుతా. రంగు కొట్టేవోని చొక్కా యాడన్నా శుభ్రంగా ఉంటాదా? పని చేసేవోడు పని చేసేవోని మాదిరే ఉంటాడు. వాన్ని ఇడిసిపెట్టు. ఇస్త్రీ చొక్కావోణ్ణి పట్టుకో, వాడు సుమ్మా తింటాండాడు."

ఆ వాకిట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్నది నేనొక్కణ్ణే. కాస్త పౌరుషం వచ్చింది.

"మామా, నువ్వు చెప్పేది గోడల సంగతి. ఇది అచ్చులో వచ్చిన సంగతి. నీ పక్కనే ఉంది చూడు."

ఆయన గోడ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "అచ్చులో వచ్చినాక సెరి," అని మళ్లీ పడుకున్నాడు. అచ్చుకు ఎదురు చెప్పని తరం అది. చదవేస్తే ఉన్నమతి పోయిందంటారు. నా విషయంలో అచ్చేస్తే పోయింది.

కోయించుకొస్తానని మూడింటినీ కాళ్లు కట్టి స్కూటరుకు తగిలించాను. అత్త వాకిట్లోకి రాలేదు. చింపిరి మాత్రం తలకిందులుగా వేలాడుతూ దారి పొడుగునా నా కళ్లలోకే చూస్తూ వచ్చింది. ఒక ప్రాణి నన్ను అంత శ్రద్ధగా చూడటం అదే మొదలు.

బస్టాపు దగ్గర కోళ్ల అంగడి నడిపే సాయిబు, అందరికీ బాయి, మంచివాడు. పేరడగలేదు, ధర చెప్పలేదు. మూడింటినీ వరసగా తీసుకున్నాడు, మెడ మీద కత్తి పెట్టాడు, నీలం డ్రమ్ములో వేశాడు. డ్రమ్ములో కాసేపు చప్పుడయింది. తర్వాత చప్పుడు లేదు. నేను రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆయన మొదటిదాన్ని పీట మీద పెట్టి కడుపు చీల్చాడు. చెయ్యి ఆగింది.

"ఏం సార్, ఇంట్లో ఎవురికన్నా మతి సరిలేదా?"

"ఎందుకు బాయి?"

ఆయన అరచెయ్యి చాపాడు. "ఇది రేపటిది," అన్నాడు. పెంకు కట్టిన గుడ్డు, నిండుగా, శుభ్రంగా. "ఇది ఎల్లుండిది." పెంకు లేదు, పలచని పొరలో ముడుచుకున్న పచ్చసొన. ఆపైన ఇంకొకటి, కొంచెం చిన్నది. ఆపైన ఇంకొకటి. నిమ్మకాయంత మొదలుకొని ఆవగింజంత దాకా, పచ్చని పూసలు గుత్తిగా వేలాడుతున్నాయి.

"మిగతా రెండూ?" అన్నాను.

మిగతా రెండూ అదే. మూడు గుత్తులూ ఒక ఆకు మీద పెట్టి నా ముందుకు తోశాడు. డాక్టరమ్మ లెక్క ప్రకారం మా మామ బతకాల్సిన రోజులన్నీ ఆ ఆకు మీద ఉన్నాయి.

పెంకు కట్టిన మూడు గుడ్లనూ కడిగి చొక్కా జేబులో వేసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఇల్లు చేరేదాకా ఛాతీకి తగులుతూ వచ్చాయి.

అత్త వంటింట్లో కవరు విప్పింది. గుత్తులు చూసింది. ఉబ్బిన నా జేబు చూసింది.

"బోడిమెడదా?"

"మూడూ."

జేబులోంచి గుడ్లు తానే తీసి గంపలో పెట్టింది. "మీ మామతో చెప్పొద్దు నాయనా. నువ్వు ఏసిందని నమ్మి గోడకంటించుకున్న మనిషి," అంది.

మామ గదిలోకి పోయి ఆ పేజీ ముక్కను మళ్లీ చదివాను. నా వ్యాసం కింద, నాలుగు వాక్యాల చోట ఏ ప్రకటన వచ్చిందో అప్పటిదాకా చూడనే లేదు. కోడి మసాలా.

సోమవారం ఆఫీసులో పాత కాగితాలు తవ్వి డాక్టరు చేతిరాత బయటికి తీశాను. ఇవీ ఆ నాలుగు వాక్యాలు: "ఈకల తళుకు చూసి మోసపోవద్దు. గుడ్లు పెట్టే కోడి సత్తువంతా గుడ్డుకే పోతుంది కాబట్టి దాని కాళ్లు పాలిపోయి, ఈకలు విరిగి, చింపిరిగా కనిపిస్తుంది. పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకున్న కోడి అందంగా ఉంటుంది, కానీ కొన్నాళ్లు గుడ్డు పెట్టదు. దానికి కాస్త గడువివ్వాలి."

గడువివ్వాలట. ఆ మాటను రెండంగుళాల మసాలాకు అమ్ముకున్నాం.

మిగిలిన నాలుగు పట్టుచీరలూ వాకిట్లో పేరంటం చేసుకుంటున్నాయి. గుడ్డు మాత్రం లేదు. నాటుకోడి గుడ్లు బయట దొరకవా అంటారేమో. దొరుకుతాయి. వేలూరు మార్కెట్లో గోధుమరంగు గుడ్లు కొన్నిచోట్ల తెల్లగుడ్లే, టీ డికాషన్‌లో ముంచినవి అని అంతకు నెల ముందు మా పేపర్లో వచ్చింది. రాసింది నేనే. కాబట్టి మోసపోవడం ఎందుకు, మోసం చేయడం ఎలాగో తెలిసి ఉండగా? పైగా ఆ వ్యాసం తోక నేను కోయలేదు. పద్ధతంతా ఉంది.

ప్రతి ఆదివారం వేలూరులో చిన్నవి ఏరి పద్నాలుగు తెల్లగుడ్లు కొనేవాణ్ణి. స్టవ్ ముందు కూర్చుని చిక్కటి డికాషన్‌లో ముంచి, ఆరబెట్టి, తవుడులో పెట్టి తీసుకుపోయేవాణ్ణి. అత్త దినానికి రెండు గంపలో పెట్టేది, కాసేపాగి అందరికీ వినపడేట్టు "అమ్మయ్య, పెట్టింది" అనేది. మామ గుడ్డును చేతిలో తిప్పి తిప్పి చూసి తినేవాడు.

"ఏమే, గుడ్డు పెట్టినాక కోడి కేకలు పెట్టాల కదా? ఇదేంది, మూగగా పెడతాండాది?"

"సంసారపక్షం కోడి. నోరు లేదు," అంది అత్త.

"ఈ ఇంట్లో అట్లాంటిది ఒకటి ఉండాదంటే ఆశ్చర్యమే. యాడ, ఏది పెట్టింది ఇది?"

అత్త నా వైపు చూసింది. "ఆ ఎర్రది మామా," అన్నాను.

"ఎర్రదా? నిన్న నల్లది అనింది మీ అత్త, ఇదే సైజు, ఇదే రంగు. అక్కాచెల్లెళ్లేమో."

నేను ఇబ్బందిగా నవ్వాను. ఆయన నవ్వలేదు. దగ్గాడు.

అలా పదకొండు ఆదివారాలు గడిచాయి. మామ ఒళ్లు తరిగిపోతూ వచ్చింది. చొక్కా ఆయనది కాదన్నట్టుంది, ఆ తర్వాత మంచం కూడా ఆయనది కాదన్నట్టుంది. నిజం చెబుతున్నాను, రాత్రింబవళ్లూ నా బుర్రలో ఒకటే లెక్క. ఆ మూడు కోళ్లూ ఉండి ఉంటే, అసలు గుడ్డు తిని ఉంటే, ఇంకెన్నాళ్లు? డాక్టర్లను అడిగితే గుడ్డుదేముంది, ఏ గుడ్డయినా ఒకటే అంటారు. నేనూ అదే అనుకోవాలని చూశాను.

పదకొండో ఆదివారం అత్త నీళ్లకు పోయింది. మామ దగ్గరికి రమ్మని సైగ చేశాడు. దిండు కింద నుంచి ఒక గుడ్డు తీశాడు. బొటనవేలి గోరుతో మెల్లగా గీరాడు. గోధుమరంగు పొడిలా రాలి, కింద తెలుపు కనిపించింది.

"ఒక్క కోటుతో ఇడిసిపెట్టినావు," అన్నాడు.

నేను రాలిన పొడి వైపు చూశాను.

"నలభై ఏండ్లు ఇదే కదరా నా పని. చూడంగానే తెలీదా? మొదటి దినమే తెలిసింది. మొదటి కోటు బాగా ఆరనీ. ఆరినాక రెండోది పల్చగా కొట్టు. డికాషన్‌లో చింతపులుసు రెండు బొట్లు ఎయ్యి, రంగు పట్టుకుంటాది. సున్నంలో జిగురు ఎందుకు కలుపుతామనుకున్నావు?"

"మరి తెలిసి ఎందుకు తిన్నావు మామా? నీకు తెల్లగుడ్డు పడదు కదా?"

"తినకుంటే ఆదివారం ఏం సాకు చెప్పి వస్తావు నువ్వు?" కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొకటి. ఆ నాలుగింటినీ ఏమీ చెయ్యొద్దు. ఇప్పుడు పెట్టడంలేదు, అంతే. నేనుండేవరకు ఈ ఇంట్లో పని చెయ్యనోళ్ల సంగానికి నేనే లీడరు."

తర్వాతి వారం శ్రద్ధగా రెండు కోట్లు కొట్టాను. చింతపులుసు కలిపాను. నీడన ఆరబెట్టాను. గోటితో గీరి చూశాను, రాలలేదు. నా జీవితంలో అంత మంచి పని చేయలేదు. చూపించుకోవాలని ఎప్పుడు ఆదివారం వస్తుందా అని కూర్చున్నాను. శుక్రవారమే ఫోను వచ్చింది.

పదహారో దినం వాకిట్లో ఆకు వేశారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లోవాళ్లు పస్తుండాలి. ఆ పొద్దున్నే, సరిగ్గా ఆ పొద్దున్నే, ఎర్రకోడి గంపలోంచి దిగి ఊరు లేచేట్టు కేకలు పెట్టింది. అత్త పరుగెత్తింది. గుడ్డు. అసలైన గుడ్డు. గడువు తీరింది దానికి, మామకూ తీరింది, ఇద్దరికీ పదహారు రోజుల తేడా.

అత్త దాన్ని ఉడకబెట్టి పెంకుతో సహా ఆకు మీద పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, "నీది కూడా పెట్టు నాయనా. ఆయన చూడలేదు కదా," అంది. అంటే ఆమెకు మా మాటలన్నీ తెలుసు. ఆ ఇంట్లో తెలియనివాణ్ణి మొదటి నుంచీ నేనొక్కణ్ణే. సంచిలో దాచి తెచ్చిన రెండు కోట్ల గుడ్డు తీసి పక్కన పెట్టాను.

కాకి వచ్చింది. వడ ముట్టలేదు, మాంసం ముట్టలేదు. రెండు గుడ్ల మధ్య నిలబడి తల అటూ ఇటూ తిప్పింది. నా గుడ్డు దగ్గరికి పోయింది. ముక్కుతో ఒకసారి గీరింది. ఆగింది. ఇంకోసారి గీరింది. రంగు రాలలేదు. పొడిచి, పెంకు పగలగొట్టి, మొత్తం తినేసింది. అసలు గుడ్డు వైపు చూడనే లేదు.

"మేస్త్రీకి పని నచ్చింది," అంది అత్త. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను అడగలేదు.

ఆ ఆకు ముందు చేతులు జోడించి ప్రమాణం చేశాను. నా ఒంట్లో ప్రాణం, చేతిలో పెన్ను ఉన్నంతవరకు ఏ వార్త తోకనూ చదవకుండా కోయను. ఇస్త్రీ చొక్కాతో కోళ్ల గూటి దగ్గరికి పోను. చింపిరిగా ఉన్నవాణ్ణి చూసి వీడి పని అయిపోయిందని తీర్పు చెప్పను. కోడి మసాలా ప్రకటన ఎంత పెద్దదైనా సరే, దాని కింద ఎవరున్నారో అడిగిగానీ వేయను.

ఆ నాలుగు కోళ్లూ ఇంకో ఐదేళ్లు బతికాయి. చివరి రెండేళ్లూ ఒక్క గుడ్డు పెట్టలేదు. అవి మానేసినప్పుడు అత్త మళ్లీ ఫోను చేసి, "వీటినేం చేద్దాం నాయనా?" అని అడిగింది.

"నూకలెయ్యత్తా," అన్నాను.

కోళ్ల గురించి ఇప్పుడు నాకున్న పరిజ్ఞానమంతా ఆ ఒక్క ముక్కే. దాన్ని కోయడానికి తోక లేదు.